దొరబాబు పేరున కొన్న బిళ్ళలు

కిందటివారం కుసుమకుమారిని కౌంటరు వెనకాల, చేతిలో పసిపిల్లల జ్వరం మందు సీసాతో వదిలేసి వచ్చాం.

పెదవాల్తేరు నుంచి జాలరిపేటకు దిగే రోడ్డు మలుపులో ఆవిడ మందుల షాపు. పొగ మాన్పించే గమ్ము బిళ్ళలు విశాఖపట్నంలో దొరకడం మొదలైన కొత్తలోనే వాటిని తెప్పించి, షాపు బయట ఒక బోర్డు రాయించింది: "చుట్ట, బీడీ, సిగరెట్టు మానాలనుకునేవాళ్ళు లోపలికి వచ్చి మాట్లాడండి. ఏమీ కొననక్కర్లేదు." మొదట్లో జనం ఆ బోర్డు నీడనే నిలబడి బీడీలు ముట్టించారు. తర్వాత హార్బరులో క్రేను నడిపే సీతారామాంజనేయులు లోపలికి వచ్చి, తన పేరంత పొడుగైన సందేహాలన్నీ అడిగి, చివరికి సిగరెట్లు మానేశాడు. అతన్ని చూసి మరికొందరు వచ్చారు. అందరిలోకీ క్రమం తప్పకుండా వచ్చే మనిషి చేపలమ్మే ముసలమ్మ. బిళ్ళలు తనకు కాదనీ, బోటు మీద పనిచేసే తన కొడుకు దొరబాబుకనీ చెప్పి పట్టుకెళ్ళేది. తీరా ఆ దొరబాబే పిల్లకు జ్వరం మందు కోసం షాపుకొస్తే, "గమ్ము పనిచేస్తోందా బాబూ?" అని కుసుమ ఆదరంగా అడిగింది. అతను తెల్లబోయి చూశాడు.

"గమ్మేటి మేడమ్? నానెప్పుడు పొగ తాగినాను?"

అక్కడ ఆగాం.

కుసుమ సీసాని కాగితం సంచిలో వేసి, ఆ సంచి అంచును అవసరమైనదానికంటే ఎక్కువసార్లు మడిచింది. "ఎవరినో అనుకుని అడిగేశాను. పిల్లకి అన్నం తిన్నాక వెయ్యండి," అంది. ఆవిడకి అబద్ధం చెప్పడం చేతకాదు. ముక్కు మీద చెమట పడుతుంది. దొరబాబు ఆ చెమట చూశాడు.

"మా అమ్మ నా పేరు సెప్పి మందులు కొంతందా? అమ్మకేటైనా రోగమా?"

"అలాంటిదేం లేదు."

"అమ్మ సుట్ట తాగుతాది, అది మాకు తెల్సు. అడ్డసుట్ట. మా పేటలో పెద్దాడోళ్ళందరూ తాగుతారు. ఇయ్యాల పొద్దున్న గూడా తాగతంటే సూసినాను. మానీసే మనిసైతే తాగదు కదా. మరి ఆ బిళ్ళలు ఎవులికి?" అతను కాసేపు ఆలోచించాడు. ఆలోచించిన కొద్దీ ముఖం బిగిసింది. "సరే లెండి. ఇంటికెల్లి అడుగుతాను," అని సంచి తీసుకుని దిగువకు వెళ్ళిపోయాడు.

అతను వెళ్ళాక కుసుమ స్టూలు మీద కూర్చుండిపోయింది. మొదట తన మీద తనకే కోపం వచ్చింది. మందుల షాపులో ఒకళ్ళు కొన్నది ఇంకొకళ్ళ దగ్గర ఎత్తకూడదన్నది చదువుకున్న రోజుల్లో నేర్చుకున్న మొదటి పాఠం. కుశలం అడగబోయి ఆ గీత దాటింది. ఆ కోపం సర్దుకున్నాక, దాని అడుగున ఉన్న కుతూహలం పైకి తేలింది. దొరబాబుకు కాదు. ముసలమ్మకూ కాదు. మరెవరికి?

ముసలమ్మ వచ్చినప్పుడల్లా అడిగిన ప్రశ్నలు ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. పళ్ళు సగం ఊడిపోయినవాళ్ళు ఎలా నమలాలి? బీపీ మాత్ర వేసుకునేవాళ్ళు నమలొచ్చా? రసం మింగితే వెక్కిళ్ళు వస్తున్నాయి, ఏం చెయ్యాలి? కుసుమ ఓపిగ్గా చెప్పేది: మిఠాయిలా కరకరా నమిలెయ్యకూడదు, నాలుక మీద మిరియంలా చురుక్కుమనగానే ఆపి బుగ్గలో దాచుకోవాలి, ఆ చురుకు తగ్గాక మళ్ళీ కాసేపు నమలాలి. బీపీ ఉంటే మనిషిని చూడకుండా ఇవ్వను, ఒకసారి తీసుకురా అని కూడా అంది. "మా వోడికి బీపీ ఎందుకుంతాదమ్మా, ఊరికే అడిగినాను," అని ముసలమ్మ దాటేసింది. మెట్లు దిగుతూ చెప్పినదంతా పిల్లలు ఎక్కాలు వల్లించినట్టు పెదాలు కదుపుతూ వల్లించుకునేది. బోటు మీద వలలు లాగే కుర్రాడికి సగం పళ్ళు ఎప్పుడు ఊడాయని అప్పుడు తనకు ఎందుకు తట్టలేదో కుసుమకు అర్థం కాలేదు.

మర్నాడు షాపు తెరవకముందే ఆవిడ జాలరిపేట ఒడ్డుకు దిగింది.

పడవలు అప్పుడే ఒడ్డెక్కాయి. ఇసకలో కుప్పపోసిన కవళ్ళ చేపల చుట్టూ ఆడవాళ్ళు గంపలతో మూగి బేరాలాడుతున్నారు. చాలామంది నోళ్ళలో అడ్డచుట్టలున్నాయి. నిప్పున్న కొస నోటి లోపలికి, మొండి కొస బయటికి. ఆ చుట్టలు పెదాల మధ్య కదలకుండా ఉండగానే బేరం, తిట్టు, నవ్వు అన్నీ సాగిపోతున్నాయి. కుసుమ ఈ రోడ్డు మీద షాపు పెట్టినప్పటినుంచీ చూస్తోంది గానీ, ఆ నిప్పు అంగిలికి తగలకుండా వీళ్ళు మాట ఎలా పలుకుతారో ఇప్పటికీ వింతగానే ఉంటుంది.

ముసలమ్మ కాస్త దూరంగా, బోర్లించిన గంప మీద కూర్చుని ఉంది. ఎండకు కమిలిన ముఖం, చెవులకు బరువైన కమ్మలు. కుసుమని చూసి లేవలేదు.

"రా మందులమ్మా. మా ఇంట్లో పెట్టిన మంట ఎలాగ మండతందో సూడ్డానికొచ్చినావా?"

"తప్పయిపోయింది ముసలమ్మా. అది చెప్పడానికే వచ్చాను."

ముసలమ్మ నోట్లోంచి చుట్ట తీసి, నుసి విదిలించి, చేతిలో పట్టుకుంది. "నా కొడుకేం సేసినాడో తెల్సా? ఆ బిళ్ళలు నాకు కాదన్నాను. నాకు కాకపోతే మరి ఇంట్లో ఉన్నదెవులు? పెళ్ళాం. పెళ్ళాన్నట్టుకుని, నువ్వు నాకు తెలీకుండా సుట్ట తాగుతన్నావా అని అడిగినాడు. ఆ పిల్లకి సుట్ట వాసనే పడదు. ఏడిసి, మూటగట్టి, భీమిలి పుట్టింటికి బయల్దేరింది. నాను గుమ్మానికి అడ్డం కూకున్నాను కాబట్టి ఆగింది."

"నేను వచ్చి వాళ్ళకి చెప్తాను."

"ఏటి సెప్తావు? నీ సాపులో మాట నీ సాపులోనే ఉంతాదనుకున్నాను. అందుకే ఎవులికీ సెప్పుకోలేనోళ్ళు గూడా నీ దగ్గరకొత్తన్నారు. ఇప్పుడింక ఎవులొత్తారు?"

కుసుమ ఇసకలోనే చతికిలబడి కూర్చుంది. ఇస్త్రీ చీరతో ఆవిడ అలా తడి ఇసకలో కూర్చోవడం చూసి ముసలమ్మ కోపం కొంచెం మెత్తబడింది. చుట్ట మళ్ళీ నోట్లో పెట్టుకుంది, నిప్పు లోపలికి.

"ఎవరికి కొంటున్నావో చెప్పమని అడగను," అంది కుసుమ. "కానీ ఒక మాట విను. ఆ బిళ్ళలో ఉన్నది పొగాకులో ఉన్న మత్తే. పొగ ఉండదు, మసి ఉండదు, అంతే తేడా. ఆ మనిషికి బీపీ ఉందని నాకిప్పుడు అర్థమవుతోంది. గుండె జబ్బు కూడా ఉంటే చూసి ఇవ్వాలి. చుట్ట తాగుతూ దాని మీద ఇదీ నమిలితే గుండె దడ రావొచ్చు. ఆ మనిషికి ఏమన్నా అయితే ఇచ్చినదాన్ని నేను, పట్టుకెళ్ళినదానివి నువ్వు."

ముసలమ్మ సముద్రం వైపు తిరిగింది. "గంగమ్మ తల్లి మీద ఒట్టేయించుకున్నాది," అంది మెల్లిగా. "పేరు మాత్రం సెప్పను."

"పేరొద్దు. గుండె జబ్బు ఉందా లేదా, అది చెప్పు."

"గుండి మంచిదే. బీపీ మాత్రొకటి ఏసుకుంతాది."

"ఏ మాత్ర? ఎక్కడ కొంటుంది?"

"నీ సాపులోదే."

"ఈ రోడ్డు మీద బీపీ మాత్ర వేసుకునేవాళ్ళందరూ నా షాపులోనే కొంటారు."

"కొంతారు. కొనుక్కుని ఎవులింట్లో ఆల్లే ఏసుకుంతారు," అంది ముసలమ్మ. లేచి, గంప తిరగేసి, అందులో కవళ్ళు సర్దడం మొదలుపెట్టింది. సర్దుతూనే, కుసుమ వైపు చూడకుండా అంది: "దీనికి మట్టుకు పొద్దున్నే కాఫీతో పాటు నీ సేత్తో నువ్వే ఇత్తావు."

కుసుమకు ముందు ఆ మాట అర్థం కాలేదు. షాపుకొచ్చే వాళ్ళెవరికీ తను మాత్ర చేతిలో పెట్టి నీళ్ళివ్వదు. అలా ఇచ్చేది ఒక్క మనిషికే. ఆ మనిషి ఇప్పుడు తన ఇంట్లోనే, పెరటి గట్టు మీద కూర్చుని ఉంటుంది.

ఆవిడ చీరకంటిన ఇసక దులుపుకోకుండానే లేచింది.

ఇంటికి వెళ్ళే ఎత్తు ఎక్కుతున్నంతసేపూ అత్తగారు సన్యాసమ్మ గురించే ఆలోచించింది. రాజాం దగ్గర పల్లె. మామగారు పోయాక పొలం కౌలుకిచ్చి, ఒక ట్రంకు పెట్టెతో కొడుకు త్రినాథరావు ఇంటికి వచ్చేసింది. అందాకా ఆవిడ నోట్లోంచి అడ్డచుట్ట దిగినట్టు ఊళ్ళో ఎవరూ చూడలేదు. విశాఖలో బస్సు దిగిన రోజు నుంచి ఎవరూ ఆవిడ నోట్లో చుట్ట చూడలేదు. "పట్నంలో ఎవులు తాగుతారే," అని ఒక్క మాటతో తేల్చేసింది. కుసుమ మురిసిపోయింది. అంతటితో ఆగలేదు. షాపుకొచ్చి మానలేకపోతున్నామని దిగులు పడే ప్రతివాళ్ళకీ ఆ సంగతే చెప్పింది. "చిన్నప్పటినుంచీ తాగిన మా అత్తయ్య ఒక్కరోజులో మానేశారు, మీరు మానలేరా?" సీతారామాంజనేయులికీ చెప్పింది. ముసలమ్మకైతే ఎన్నిసార్లు చెప్పిందో. అప్పుడు ముసలమ్మ కళ్ళు కిందికి దించుకుని నవ్వేది. ఆ నవ్వు ఎందుకో ఇప్పుడు తెలిసింది.

సన్యాసమ్మ పెరట్లో మునగాకు దూస్తోంది. చాట నిండా పచ్చగా ఆకు. బక్కపలచటి మనిషి, కానీ పొలం పని చేసిన చేతులు ఇంకా గట్టిగానే ఉన్నాయి. కుసుమ వెళ్ళి ఎదురుగా గట్టు మీద కూర్చుని తనూ ఒక రెమ్మ అందుకుంది.

"ఎక్కడికెల్లిపోనావు పొద్దున్నే?"

"ఒడ్డుకి." కుసుమ ఆకు దూస్తూ, సాయంత్రం కూర ఏమిటని అడిగినంత మామూలుగా అడిగింది. "గమ్ము ఇప్పటికీ వెక్కిళ్ళు తెప్పిస్తోందా అత్తయ్యా?"

సన్యాసమ్మ చెయ్యి ఆగింది. ఆకుల మీద నుంచి చూపు ఎత్తలేదు.

"ముసిల్ది సెప్పీసిందా?"

"పేరు చెప్పలేదు. ఒట్టు దాటలేదు."

"మరి నీకెలాగ తెలిసింది?"

"పొద్దున్న మాత్ర ఎవరిస్తారో చెప్పింది."

"అది సెప్పినట్టు కాదేటి," అంది సన్యాసమ్మ. ఆ మాటకు ఇద్దరికీ నవ్వు వచ్చినట్టే వచ్చి ఆగిపోయింది.

సన్యాసమ్మే మొదలుపెట్టింది, మళ్ళీ ఆకు దూస్తూ, తలెత్తకుండా. "ఊడుపులప్పుడు మొదలెట్టినాను. పదేళ్ళ పిల్లని. వానలో, బురదలో నడుం వంచి నాట్లేత్తంటే నిప్పు బయటుంటే ఆరిపోద్ది. లోపలుంటే ఆరదు. ఒళ్ళు ఎచ్చగుంతాది. తర్వాత త్రినాథుకి పాలిచ్చినప్పుడు గూడా అదే సుకం. పొగ పిల్లడి కళ్ళకి తగల్దు. ఇక్కడికొచ్చినాక మానీద్దామనే అనుకున్నాను. నిజిమే. రెండ్రోజులున్నాను. మూడో రోజు ముసలమ్మ సేపలమ్మడానికొచ్చింది. దాని నోట్లో సుట్ట సూసినాను. అంతే. నువ్వు సాపులో ఉన్నప్పుడు, మజ్జాన్నం గుడికెల్తన్నానని సెప్పి దాని గుడిసికెల్లీదాన్ని."

"నాతో చెప్పకూడదా? అంతమందికి ఇచ్చినదాన్ని మీకు ఇవ్వనా?"

"నువ్వు ఊరందరికీ సెప్తన్నావు, మా అత్త ఒక్కరోజులో మానీసిందని. ఆ సాపు ముందు నాను నడుత్తంటే జనం నన్ను సూపించుకుంటారు, ఈవిడే ఆవిడ అని. ఆ కేను నడిపే అబ్బాయి నాకు దండం గూడా ఎట్టినాడు. మరింక నీ మాట అబద్ధమైపోద్ది కదా. కోడల్ని పదిమందిలో నాను అబద్ధాలకోరుని సేత్తానా?"

కుసుమ దూసిన రెమ్మ చేతిలోనే ఉండిపోయింది. దారి పొడుగునా ఆవిడ తయారుచేసుకున్న నిష్ఠూరాలు ఒక్కటీ పనికిరాకుండా పోయాయి.

"ఇప్పుడు తాగుతున్నారా?" అని మాత్రం అడిగింది.

"లేదు. వినాయకచవితి ముందు మానీసినాను. మొదట్లో బిళ్ళా నమిలినాను, సుట్టా తాగినాను. గుండి దడదడలాడింది. ముసిల్ది భయపడిపోయి, రెండిట్లో ఒకటే అని సుట్ట లాగీసింది. అది నా ఎదురుగా కూకుని తాగతంటే ఆ పొగ పీల్చుకుంటా బిళ్ళ నమిలీదాన్ని. తర్వాత అదీ వద్దని దాన్ని గాలికి అటేపు కూకోమన్నాను."

"అన్నిటికన్నా ఎప్పుడు కష్టంగా ఉండేది?"

"అన్నం తిన్నాక. నోరు ఖాళీగా ఉంటే ఎవులో మనిసి ఎల్లిపోనట్టుంతాది."

కుసుమకు కంపెనీ వాళ్ళిచ్చిన కరపత్రాల్లో ఎక్కడా ఆ మాట కనిపించలేదు. ఇంకా అడగాలనిపించింది. నిద్ర పట్టేదా, విసుగొచ్చేదా, రోజుకెన్ని బిళ్ళలు, ఎప్పుడు తగ్గించారు. అడుగుతూ పోయింది, అత్తగారు చెబుతూ పోయింది. ఒకే ఇంట్లో ఇన్నాళ్ళున్నా వాళ్ళిద్దరూ ఇంతసేపు కూర్చుని మాట్లాడుకున్నది లేదు. దూయాల్సిన ఆకు అయిపోయినా ఇద్దరూ లేవలేదు.

అప్పుడు కుసుమ అసలు ప్రశ్న అడిగింది. "ఇన్నేళ్ళూ మానలేదు. ఇప్పుడెందుకు మానాలనిపించింది? నోట్లో ఏమన్నా పుండు వచ్చిందా? నాకు చూపించండి."

"నా నోటికేటి కాలేదు. అంగిలి కాలి తెల్లగైపోనాది, అది సుట్ట తాగీవోళ్ళందరికీ ఉండీదే."

"అది కూడా డెంటల్ డాక్టరు చూడాలి. నేను తీసుకెళ్తాను."

"తీసుకెల్దువులే." సన్యాసమ్మ చాట పక్కన పెట్టి, చీర కొంగుతో చేతులు తుడుచుకుంది. తుడుచుకోవడం అయిపోయాక కూడా తుడుచుకుంటూనే ఉంది. "నాను నా కోసం మాన్లేదే. త్రినాథు కోసం మానీసినాను."

"ఆయన సిగరెట్టు మానేసి చాలా కాలమైంది కదా."

"సిగరెట్టు మానీసినాడు. నిజిమే. ఆ స్టీలుప్లాంటులో గేసు గొట్టాల కాడ అగ్గిపుల్ల గీయనివ్వరంట. మానీక తప్పింది కాదు. దాని బదులు గుట్కా పొట్లం పట్టినాడు. డూటీలో దవడన ఎట్టుకుని, ఇంటికొచ్చే ముందు నోరు కడుక్కుంటాడు. ఉతకబోతే చొక్కా జేబులో దొరికింది."

"ఆయన్ని అడిగారా?" అంది కుసుమ.

"అడిగినాను," అంది సన్యాసమ్మ. "ఇదేట్రా, నీ పెళ్ళాం ఊరందరి సేతా మాన్పిత్తంటే నువ్వు ఇది తింతన్నావా, అని. వోడేటన్నాడో తెల్సా? 'నువ్వు ముసలమ్మ గుడిసిలో సుట్ట తాగడం నాకు తెల్దనుకుంతన్నావేటమ్మా. ముందు నువ్వు మానీ, అప్పుడు నాకు సెప్పు' అన్నాడు. మాట తగిలింది. నిజిమే కదా. నోట్లో నిప్పెట్టుకుని కొడుక్కి బుద్ధులేటి సెప్తాను? అందుకు మానీసినాను. మానీసి, వోడి ముందు నిలబడి, నాను మానీసినాను, ఇప్పుడు నువ్వు మానీ అన్నాను. మానేత్తానులే అంతన్నాడు. అంటానే ఉన్నాడు."

తల్లీ కొడుకూ ఇద్దరూ ఒకరి గుట్టు ఒకరు దాచుకుంటూ, ఒకరితో ఒకరు పందెం వేసుకుని, మధ్యలో తనను బోర్డు పెట్టుకుని కూర్చోనిచ్చారు. కుసుమకు కోపం రావాలి. కోపం వచ్చేలోగానే అత్తగారు ఇంకో మాట అంది.

"ఒలే కుసుమా, వోడు కారం ఎందుకు మానీసినాడో నీకు తెల్సా?"

"కడుపులో మంటన్నారు. ఎసిడిటీకి నేనే మాత్రలిస్తున్నాను."

"కడుపులో కాదు మంట. నోట్లో. ఆవకాయ ముద్ద ఎట్టుకుంటే కళ్ళంట నీళ్ళొత్తన్నాయి. నీ ముందు తినడు. ఇంకోటి గూడా. వోడి ముద్ద సిన్నదైపోనాది. సూసినావా?"

కుసుమ చూడలేదు. పెళ్ళయినప్పటినుంచీ రోజూ వడ్డిస్తోంది. గిన్నెలో ఎంత మిగిలిందో చూసింది, ముద్ద ఎంతుందో చూడలేదు.

ఆ రోజు షాపు తెరిచిందే గానీ ఆవిడ మనసు కౌంటరు మీద లేదు. దగ్గు మందడిగిన వాళ్ళని రెండుసార్లు ఏ మందని అడిగింది. మధ్యలో ఒకసారి దిగువకు వెళ్ళి, దొరబాబు ఇంటి గుమ్మంలో నిలబడి, ఆ బిళ్ళలు ఆ ఇంట్లో ఎవరికోసమూ కావనీ, తను నోరు జారడం తప్పనీ అతని భార్య ముందే చెప్పి వచ్చింది. ఎవరి కోసమో మాత్రం చెప్పలేదు. దొరబాబు సిగ్గుపడి, "మా ఆవిడికి నాను సెప్పాల్సింది మీరు సెప్పినారు," అన్నాడు. మధ్యాహ్నం షట్టరు దించి ఇంటికి చేరేసరికి త్రినాథరావు పొద్దుటి షిఫ్టు ముగించుకుని, స్టీలుప్లాంటు బస్సు మద్దిలపాలెంలో దిగి, ఆటోలో వచ్చేశాడు. పొడుగాటి మనిషి. బొగ్గు కాల్చే కోక్ ఓవెన్ల వేడికి ముఖం ఎప్పుడూ కందినట్టుండే మనిషి. కాళ్ళు కడుక్కుని వచ్చి పీట మీద కూర్చున్నాడు.

కుసుమ మునగాకు పప్పు వడ్డించింది. అందులో ఒక్క పచ్చిమిరపకాయ కూడా వెయ్యలేదు. సన్యాసమ్మ గుమ్మంలో కూర్చుంది, ఎప్పుడూ కూర్చునే చోటే.

అతను అన్నం కలిపాడు. ముద్ద చేశాడు. నిజంగానే చిన్నపిల్లలకు పెట్టేంత ముద్ద. దాన్ని నోట్లో పెట్టుకోలేదు. రెండు వేళ్ళతో పెదాల మధ్య నుంచి లోపలికి నెట్టాడు. ఆ నెట్టడంలో తడబాటు లేదు. అలవాటైపోయిన పని చేసినట్టు చేశాడు. కుసుమ రెండో ముద్ద చూసింది. మూడోది చూసింది. గరిటె గిన్నెలో పెట్టేసింది.

"ఒకసారి నోరు తెరవండి," అంది.

త్రినాథరావు ముందు తల్లి వైపు చూశాడు. సన్యాసమ్మ చూపు తిప్పుకోలేదు. "అంతా సెప్పీసినాను రా," అంది. "నాదీ, నీదీ."

అతను గ్లాసెత్తి నీళ్ళు తాగి, నోరు పుక్కిలించాడు. తెరిచాడు.

జబ్బులేని నోట్లో మూడు వేళ్ళు నిలువునా పడతాయని కుసుమకు తెలుసు. ఎక్కడ చదివిందో గుర్తులేదు గానీ తెలుసు. మూడు వేళ్ళూ ఒకదాని మీద ఒకటి పేర్చి అతని పళ్ళ మధ్య పెట్టబోయింది. రెండో వేలికే పళ్ళు తగిలాయి. గుట్కా దాచుకునే బుగ్గ లోపలి చర్మం పాలిపోయి, తోలు సాగదీసినట్టు బిగిసి ఉంది.

"ఇంకొంచెం," అంది.

"ఇంతే వస్తాది కుసుమా." అతను ఆవిడ చేతిని మెల్లిగా పక్కకు తీశాడు. "డెంటల్ కాలేజీలో గూడా ఇలాగే వేళ్ళెట్టి కొలిచినారు."

సన్యాసమ్మ గుమ్మం పట్టుకుని సగం లేచింది. ఆవిడకూ ఆ సంగతి తెలియదని కుసుమకు ఆ లేవడంలోనే తెలిసింది.

"ఎప్పుడు వెళ్ళారు?" అంది కుసుమ. "ఏమన్నారు?"

త్రినాథరావు కంచంలోనే చెయ్యి కడుక్కున్నాడు. అన్నం సగం కూడా తినలేదు.

"బుగ్గలోంచి ఒక ముక్క కోసి పరీక్షకి పంపినారు. ఆ రిపోర్టు నిన్న వచ్చింది," అన్నాడు. "కూకో, సెప్తాను. అమ్మా, నువ్వు గూడా ఇటొచ్చి కూకో."